ఎర్ర గీత

బోల్టు మూయబోతే
చివర్లో మొండికేస్తోంది.

ఖాళీ తూటా తొడుగును
కొవ్వొత్తి పొగలో తిప్పింది హిల్కా.
రైఫిల్లో పెట్టి, మూసి, తీసి,
కళ్లద్దాలు నుదుటికి నెట్టి చూసింది:
మెడ కింద, భుజం మీద ఒక్కచోట
మసి చెరిగి ఇత్తడి మెరుస్తోంది.
అక్కడ.

కుహ్మోలో ఇంకా మంచు పడలేదు.
శనివారం మూస్ వేట.
షెడ్డులో హీటరు కాళ్లనే కాస్తుంది, వేళ్లను కాదు.

డై ఒస్మోది. లాక్ రింగు మీద
గోళ్లరంగుతో అన్న పెట్టిన ఎర్ర గీత:
ఇక్కడే, కదపొద్దు.
నిజమే, అతని రైఫిల్‌కి ఇక్కడే.
దాన్ని నిరుడు అమ్మేశారు;
దాని గది కొలత మాత్రం
ఈ ఇనుములో ఉండిపోయింది.

స్క్రూ వదులు చేసింది.
పావు చుట్టు... వద్దు, అందులో సగం.
ప్రెస్ పిడి దించింది. మళ్లీ మసి. మళ్లీ బోల్టు.
ఇంకో వెంట్రుకవాసి.

నాలుగోసారి
తన బరువుకు తనే వాలినట్టు
మూసుకుంది.

ఎర్ర గీత ఇప్పుడు గోడ వైపు తిరిగింది.
పక్కన తన గీత పెడదామంటే
పెన్సిలు ఇనుముకు అంటదు.
అప్పుడు తట్టింది:
తనెన్నడూ గోళ్లకు రంగేసుకోలేదు,
వదినంటూ ఎవరూ రాలేదు,
మరి ఒస్మోకి ఆ సీసా
ఎవరిచ్చారు?