తూకం పుస్తకం

ముప్పై రెండేళ్లు వస్తాదుల్ని తూచాను,
రాజ్‌గ్రాద్ వ్యాయామశాలలో, మెట్ల కింది గదిలో.
నీలిగీతల పుస్తకం, ఇనుప తూకం, ఒక కుర్చీ.
చెడ్డీలతో వణుకుతూ నిలబడే మగవాళ్ల ముందు
తల ఎత్తకుండా ముల్లును మాత్రమే చూడటం నా ఉద్యోగం.

డెబ్బై ఏడు నవంబరు. దెలియోర్మాన్ అడవి పల్లెల నుంచి
పదిహేడేళ్ల వాడొకడొచ్చాడు, అన్న బూట్లలో.
వేళ్ల సందుల్లో పొగాకు జిగురు ఇంకా నల్లగానే ఉంది.
ఎక్కితే తూకం మూలిగింది.
నూట నాలుగు. పేరు?
గొణిగాడు. విన్నట్టే రాసుకున్నాను: ఫేజీ.

ఆ పొద్దు వాడు చేసింది కుస్తీ కాదు.
బురదలో దిగబడ్డ బండిని లేపినట్టు
ఎదుటివాణ్ణి రెండు కాళ్లూ కలిపి ఎత్తి,
ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపలా నిలబడ్డాడు.
జనం నవ్వారు.
తర్వాత, గుడ్ల బుట్ట దించినంత మెల్లగా, వెల్లకిలా దించాడు.
పట్టు వాడికి పుట్టుకతోనే వచ్చింది. విడుపు నేర్పడానికి
కోచ్ బోరిల్‌కు మూడేళ్లు పట్టింది.

నూట తొమ్మిది. నూట పన్నెండు.
చెవులు నలిగి ఎండు అంజూరాలయ్యాయి.
ఎడమ మోకాలిలోంచి రెండుసార్లు నీళ్లు తీశారు.
దేశంలో వరసగా నాలుగేళ్లు మొదటివాడు,
యూరప్‌లో ఒక బంగారం, మరుసటేడు వెండి.
ఆ వెండి సంగతి, గడియారంలో పదకొండు సెకన్లుండగా
ఒసేటియావాడు చీలమండ ఎలా దొరకబుచ్చుకున్నాడో,
తూకం మీద నిలబడే నాకు ఇరవైసార్లు చెప్పి ఉంటాడు.

ఎనభై అయిదు జనవరి. కిటికీ సగం వరకు మంచు.
జిల్లా కార్యాలయం నుంచి జాబితా వచ్చింది,
ఎడమవైపు పాత పేర్లు, కుడివైపు కొత్తవి.
ఊళ్లకు ఊళ్లే, సమాధుల్లోని తాతలతో సహా,
తెల్లారేసరికి వేరే పేర్లతో లేచాయి.
ఇకమీదట వాడు ఫిలిప్ అసెనోవ్.
నూట పద్దెనిమిది కిలోల మూడు వందల గ్రాములు.
ముందు వారమూ అంతే. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.
సిరాతో రాయమన్నది రాశాను.
కింద పెన్సిల్‌తో, ఊదితే పోయేంత సన్నగా, పాతది రాశాను.
ధైర్యం అనకండి. రబ్బరు పక్కనే పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మైకులో పిలిచారు: ఫిలిప్ అసెనోవ్, ఎర్ర మూల.
బల్ల మీద కూర్చుని బూటుతాడు కట్టుకుంటున్నవాడు లేవలేదు.
రెండోసారి. ఎవరా అని హాలంతా తలలు తిప్పింది.
మూడో పిలుపుకి బోరిల్ వాడి మెడ మీద చెయ్యేశాడు,
మా నాన్న ఎద్దును లేపినట్టు.
లేచాడు. నలభై సెకన్లు.
అవతలివాడి వెన్ను మ్యాట్‌కు అంటుకున్నాక కూడా వదల్లేదు.
రిఫరీ ఈల, మళ్లీ ఈల, భుజం మీద చరుపులు.
విడుపు మర్చిపోయాడో, వద్దనుకున్నాడో,
నేనడగలేదు.
ఆ పేరుతో గెలిచిన కప్పుల్ని వాళ్లమ్మ
అల్మరాలో గోడవైపు తిప్పి పెట్టేదట.

ఎనభై తొమ్మిది వేసవి. మస్క్విచ్ కారు నెత్తిన పరుపులు, కుట్టుమిషను,
సరిహద్దు దాకా బారులు.
కోసేవాళ్లు లేక పొగాకు చేలల్లోనే ఎండిపోయింది.
వాడి పేజీలో మిగతా గీతలు ఖాళీ.
బుర్సాలో నేతమిల్లు బేళ్లు మోస్తున్నాడని,
మోకాలు పూర్తిగా పోయిందని,
రాత్రిళ్లు మిల్లు పిల్లలకు పట్లు నేర్పుతున్నాడని విన్నాను.

తొంభై ఎనిమిదిలో పాత ఉద్యోగ కాగితాల కోసం వచ్చి
మెట్ల కింద తల వంచి దూరాడు.
"స్తానా అక్కా, నీ ముసలి తూకం బతికే ఉందా?"
బూట్లతోనే ఎక్కాడు. నూట నలభై ఒకటి. ఇద్దరం నవ్వాం.

పుస్తకం తీసి దీపం దగ్గరకు వంచాను.
సిరా కింద నాలుగేళ్ల పెన్సిల్.
చాలాసేపు చూశాడు. వేలితో తడమబోయి,
చెరుగుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, మధ్యలో 'య' ఉంటుంది," అన్నాడు.
"ఫెయ్జీ."

డెబ్బై ఏడు నుంచీ తప్పే రాస్తున్నాను.
పెన్సిల్ కోసం సొరుగంతా వెతికాను.