క్రియాపదం

మాదాపూర్ హాల్లో మూడో రోజు.
పదకొండు దేశాల నీళ్ళ సీసాలు.
ఒప్పందానికి తెలుగు ప్రతి రాసే పని నాది.
రాత్రి "నిషేధించాలి" అని ముగించిన వాక్యం
పొద్దున్నకి "నిషేధించవచ్చు" అయింది.
ఎవరూ గొంతు పెంచలేదు.
సుంకాల పేరాకి అడ్డమన్నారంతే,
బిస్కెట్లు తిన్నారు.

దిద్దాను.

గేటు బయట గఫూర్ భాయ్ డబ్బా,
వేలాడే తాడు కొసన నిప్పు.
పెట్టె మీది కుళ్ళిన నోటి బొమ్మపై
ఐదు రూపాయల బిళ్ళ బోర్లించి అడిగాడు:
"మీటింగుల ఏం తేలింది మేడం?"

ఆజామాబాద్ కార్ఖానాలో ముప్పై ఏళ్ళు
ఆకు దుమ్ము పీల్చిన మా పెదనాన్న
మాట మధ్యలో దగ్గొస్తే
క్రియ మింగేసేవాడు.
మేమే పూరించుకునేవాళ్ళం.

"తేలవచ్చు" అన్నాను.