మూడో గడి

నాలుగుంపావుకి కాళేశ్వరరావు మార్కెట్లో
ఒంటి బల్బు కింద
నాంచారమ్మ గోనెపట్టా విప్పుతోంది.
తలెత్తకుండానే అడిగింది:
"ఏం పెద్దోడా, మీ ఓడకి ఇవాళ ఆకలేసిందా?"

ఓడ కాదు, లాంచీకి పెద్దన్న అంతే.
మూడంతస్తులు, అద్దాల గోడలు,
పై అంతస్తులో గిటారు వాయించే కుర్రాడొకడు.
అయినా ఆమె ఓడ అన్నప్పుడల్లా
నా వీపు కాస్త నిటారవుతుంది.

ఎర్రకాడ గోంగూర, పన్నెండు కట్టలు.
వేళ్లకింకా మట్టి, నల్లగా, జిగటగా.
"కడిగి అమ్మొచ్చుగా" అన్నాను.
"కడిగితే నీకు తెలుసుద్దా, ఏ లంకదో?"
రాయపూడి ఎదుటి లంకలో
నిన్న పొద్దుగూకినాక పీకారట.
నాటుపడవలో గుంటుపల్లి రేవుకి,
అక్కణ్ణించి ఆటోలో, డ్రైవరు పక్క సీట్లో.
మనిషికైతే పది, మోపుకి పదిహేను.

దుగ్గిరాల కంద ఒకటి, పసిబిడ్డంత బరువు.
చారెడు పచ్చిమిరప కొసరు.
కొసరెయ్యని చేతిని
బెజవాడలో ఎవరూ రెండోసారి నమ్మరు.

పున్నమి ఘాటులో చెక్కవంతెన ముందు బల్ల,
బల్ల వెనక ఏసుపాదం, కొత్త యూనిఫారం.
మొన్నటిదాకా ఇదే రేవులో
మా ఇద్దరికీ ఒకటే బీడీ.
"బయటి తిండి ఎక్కనీయొద్దన్నారు."
"తిండి కాదురా, ఆకు."
"ఆకు తిండి కాదా?"
"వండితే."
కాసేపు ఆలోచించి పుస్తకం తెరిచాడు.
మూడు గళ్లు. కంపెనీ పేరు. బ్యాచ్ నంబరు.
ఎప్పటిలోగా వాడాలి.

హైదరాబాదు నుంచి ఫ్రీజర్ వ్యానులో దిగే పెట్టెలకి
ఇవన్నీ ఉంటాయి.
బఠానీలకి పద్దెనిమిది నెలల ఆయుష్షు.
తరిగిన ఉల్లిపాయక్కూడా
జాతకం రాసి అంటిస్తారు.
ఈ కట్టకి ఏం రాయిస్తాం?
పుట్టింది నిన్న, వాడాల్సింది ఇవాళ.
రేపడిగితే తల వేలాడేస్తుంది,
అబద్ధమాడటం దానికి చాతకాదు.

ఏసుపాదం పెన్ను కాసేపు కొరికి
మొదటి గడిలో వంకర అక్షరాలతో
నాంచారమ్మ అని రాశాడు.
రెండో గడిలో, పన్నెండు కట్టలు.
మూడోది ఖాళీగా వదిలేశాడు.
కందని మాత్రం అటూ ఇటూ తిప్పి
"ఇదేంటి, బాంబా?" అన్నాడు.
వాడు నవ్వలేదు, నేనూ నవ్వలేదు.
పైన కెమెరా ఉంది.

పదకొండుకి సరంగు బాజీ కూతేశాడు.
నీళ్ల మట్టానికి జానెడెత్తున నా వంటగది,
దానికొక్కటే కిటికీ, పళ్లెమంత.
మెనూలో ఉన్నవన్నీ
కవర్లు కత్తిరించి, వేడిచేసి పైకి పంపాను.
దాన్ని వంటంటే నా చేతులకి సిగ్గు.

అప్పుడు మూకుడు పెట్టాను.
ఎండుమిరప, మెంతులు, రెండు గడ్డల వెల్లుల్లి.
పన్నెండు కట్టలూ కూనిరాగం తీస్తూ రంగు మారి
ఇంతై, గరిటెడై కూర్చున్నాయి.
రోలు మొదటిరోజే ఎక్కనివ్వలేదు,
పప్పుగుత్తితో మెదిపాను.
కంద రేపటికి. దానికి ఓపిక జాతి గుణం.

వాసనని బల్ల దగ్గర ఎవడాపుతాడు?
ఏసీ గొట్టాల్లో దూరి
ఒక అంతస్తు, ఇంకో అంతస్తు.
గిటారు ఆగింది.

మెట్ల మీద బూట్లు. మేనేజరు భార్గవ్ గారు.
"ఏంటిది?" అన్న గొంతులో రూలూ ఉంది,
గుటక వేసిన చప్పుడూ ఉంది.
నేనేం మాట్లాడలేదు. అన్నం పెట్టాను.
తలుపు దగ్గరగా వేసి, టై భుజం మీదికి తోసి,
నిలబడే తిన్నాడాయన, గోడవైపు తిరిగి.
"రేపట్నించి ఇట్లాంటివి తేవద్దు."
చెయ్యి కడుక్కుంటూ మళ్లీ,
"తెస్తే ఉల్లిపాయ ఇంకాస్త కొయ్యి."

పైన ఎవరో అడిగారట, ఆ వాసనేంటని.
బయటి నుంచి వస్తోందని చెప్పారట.

అంతలో కిటికీలోకి లంక వచ్చింది.
వంగి ఆకు పీకుతున్న ఆడమనిషి
మా అద్దాల్ని చూసి నడుమెత్తలేదు.
రాత్రి పదిహేను రూపాయలకి దాటిన ఏట్లోకి
రెండున్నర వేల టికెట్టు మధ్యన
మళ్లీ వచ్చింది ఆమె గోంగూర.

ఆకు కడిగిన బకెట్టు అడుగున
నల్లటి ఒండ్రు, గుప్పెడు లేదు.
కిటికీ తెరిచి
లంకవైపు వంచాను.