రెండు ఫ్లాస్కులు

రాహె ఊళ్ళో జనవరి పగలంటే నాలుగు గంటలే.
సముద్రం గడ్డకట్టినా ఓడలు ఆగవు,
మంచు పగలగొట్టే పడవ వెనకాలే ఖనిజం మోసుకుంటూ వస్తాయి.
మా ప్రయోగశాలకి మాత్రం రాత్రీ పగలూ ఒకటే రంగు:
గొట్టపు కొలిమి కంట్లోని నారింజ.

ఆ వారం ఇనుములో మాంగనీసు తగ్గింది.
నేరం ముందు ఖనిజం మీద మోపారు,
తర్వాత బొగ్గు మీద,
ఆఖరికి, ఎప్పట్లాగే, మా లెక్కల మీద.
తౌనో పెల్కోనెన్ ఏమీ అనలేదు.
ఏడేళ్ళలో ఆయన నాతో అన్న మాటలన్నీ
ఒక మూసలో పట్టేస్తాయి, అంచు దాకా రాకుండానే.
రెండు గ్రాఫైట్ మూసలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

రెండింట్లోనూ అదే ఇనుము, అదే చిట్టెం,
అదే వేడి, పదిహేను వందల డిగ్రీలు.
గాలి ఒక్కటే వేరు.
ఒకదాని మీద నిండుగా కార్బన్ మోనాక్సైడ్.
రెండోదాని మీద అది మూడో వంతే,
మిగతాదంతా ఆర్గాన్, ఎవరి జోలికీ పోని వాయువు.

ఆరు గంటలు. నాలుగు కాఫీలు.

చీకటి పొద్దున్నే ఇనుప బిళ్ళల్ని తొలిచి
ఆ తురుము ఆమ్లంలో కరిగించి
పరయోడేట్ వేసి మరిగించాను.
మాంగనీసుకి అబద్ధమాడటం రాదు, ఎంత ఉంటే అంత ఊదా.
మొదటి ఫ్లాస్కు:
మస్తిక్క పళ్ళు తిన్న పిల్ల మూతి తుడిచిన గుడ్డని
మూడోసారి జాడించిన నీళ్ళు.
రెండోది:
ఆ పిల్ల నాలుక.

చూశాను గానీ అర్థం కాలేదు.
శనివారం సావునాలో అర్థమైంది.
మా అక్క ఆయిలి రాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉంది,
చెమట ఒంటి మీదే నిలిచిపోయింది.
ఆవిరితో నిండిన గదిలో
ఇంకో చుక్క ఆవిరయ్యేందుకు చోటేది?
చిట్టెంలో మాంగనీసు చెయ్యి ఆక్సిజన్ పట్టులో ఉంది.
దాన్ని విడిపించి, ఆక్సిజన్‌ని వెంటేసుకుని
వాయువై లేచిపోవాలి కార్బన్.
పైనంతా ముందే తన వాళ్ళే క్రిక్కిరిసి ఉంటే
లేచేదెలా? పట్టు వదలదు.
మాంగనీసు చిట్టెంలోనే ఉండిపోతుంది.
తలుపు కొంచెం తీశాను. ఒళ్ళు జిల్లుమంది.
ఆయిలి తిట్టింది.

సోమవారం సమావేశంలో ఉల్యాస్ హోంకా
నలభై నిమిషాలు ఖనిజం గురించే మాట్లాడాడు.
గదిలో ఆయన గొంతే, గోడ నుంచి గోడకి.
నా ఒళ్ళో రెండు ఫ్లాస్కులు, గుడ్డలో చుట్టి.
గ్లాసు అందుకోవడానికి ఆయన ఆగాడు.

"గాలి," అన్నాడు తౌనో.
కాసేపాగి,
"కొలిమి పై ఒత్తిడి పెంచింది ఆ వారమే."

అంతే. నేను గుడ్డ విప్పాను.

పదిరోజులకి ఒత్తిడి తగ్గించారు.
ఎవరి పేరూ ఎక్కడా రాయలేదు.
ఫ్లాస్కుల్లో ఊదా వెలిసి గోధుమరంగు మడ్డిగా దిగింది.
కడిగాను. రెండోదాని అడుగున ఒక వలయం
ఎంత తోమినా ఉంది.
అందులోనే ఇప్పుడు పెన్సిళ్ళు పెట్టుకుంటాడు తౌనో.