తరుగు

మూడో నంబరు కిటికీ కాడ
పొద్దున పదకొండింటికి నాకు తుమ్మొచ్చిందంటే
ఓదెలు వచ్చిండని లెక్క.

మెడల తువ్వాల, చొక్కా మడతల్ల ఎర్రటి దుమ్ము.
రాత్రంతా ఏనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసి
తిన్నగా హన్మకొండకు, మా పరీక్షల సెక్షనుకు.
"మేడం, నాది తేలిందా?"

తేలింది.
నూట యాభైకి నూట నలభై ఎనిమిది.
స్క్రీను అతని దిక్కు తిప్పిన.
ఆరు సెమిస్టర్ల అంకెలు, బారులు తీరి.
మొట్టమొదటి దాంట్ల ఒక్కకాడ సున్నా:
పర్యావరణం. రెండు క్రెడిట్లు.

ఆ పరీక్ష ఎందుకు రాయలేదని నేనడగలేదు.
"ఆ నాడు వాన మేడం," అన్నడు తనే,
"యార్డుల పత్తి తడుస్తుంటే పట్టాలు కప్పవోయిన."

కాసేపు అంకెల మీద వేలు నడిపిండు.
గోరు కింద కూడా ఎరుపే.
"ఇగో, ఈడ నాలుగు ఎక్కువున్నయి గదా?"
కంప్యూటరు కోర్సువి. ఇష్టపడి చదివినవి.
ఆ ఖానాల అంతకు మించి పట్టదు,
మీదివి లెక్కకు రావు.

"మా కాంటా కాడ గట్ల గాదు.
ఒక బస్తాల ఎక్కువైతే దోసెడు తీసి
పక్క బస్తాల పోస్తం.
ముల్లు నిలబడ్డదా, అయిపాయె."

మిర్చి తీసి మిర్చిలనే పోస్తరు,
పత్తిల పోయరు గదా, అన్న.
నవ్విండు.
మాటల నేనే గెలిచిన,
గెలిచినట్టు మాత్రం లేదు.

"అయితే ఇది తరుగన్నట్టు," అన్నడు.
క్వింటాలుకు రెండు కిలోలు,
రైతు నోరు తెరవకముందే
గుమాస్తా కొట్టేసే రెండు కిలోలు.
నేను గుమాస్తానే. తల వంచుకొని ఫారం వెతికిన.

మూడేండ్ల చదువుకు ఐదేండ్ల గడువు.
ఐదోది ఈ ఎండలతో ఆఖరు.
"దాటితే? ఉన్న నూట నలభై ఎనిమిదీ పోతయా?"
పోవు. ఉంటయి.
ఉండి, దేనికీ పనికిరావు.

ఈ కుర్చీల నాకు పదమూడేండ్లు.
పర్మనెంటుకు ఇంకా ఏందో తక్కువున్నదంటరు,
ఏందో ఎవరూ చెప్పరు.
ఈ ముచ్చట ఓదెలుకు చెప్పలేదు.
వెనుక లైను పెరుగుతున్నది.

ఫీజు కట్టిండు. నోట్లు కూడ ఘాటే.
"సిలబస్‌ల ఏముంటయి మేడం?"
గాలి, నీళ్లు, మట్టి.
"గాలా," అన్నడు, దగ్గు ఆపుకుంట.

హాల్‌టికెట్టు మీద ముద్ర ఎత్తిన.
సరిగ్గా అప్పుడే తుమ్ము.
ముద్ర పక్కకు ఒరిగి, సగం అతని ఫోటో మీద పడ్డది.

వెలుతురుకు పెట్టి చూసుకున్నడు.
"వంకర పడ్డది. నడుస్తదా?"

నడుస్తది, అన్న.

తువ్వాల కొసకు దాన్ని ముడేసుకొని
మెట్లు దిగిండు,
వీపు మీద ఏ బస్తా లేకున్నా
కొంచెం వంగే.