నాలుగో తాకిడి

విజయనగరం గంటస్తంభం దగ్గర
స్టీలు సామాన్ల కొట్టు మేడ మీద హాలు.
రెండు పూల్ బల్లలు. ఒకదాని కాలి కింద
మడిచిన సినిమా పోస్టరు ముక్క.
ఫైనల్ రెండోదాని మీద.

నా పేరు తవిటయ్య.
ముందు పుట్టినవాళ్ళు దక్కక, నన్ను చేటలో పడుకోబెట్టి
తవుడికి అమ్మి మళ్ళీ కొన్నారట.
ఇరవై ఆరేళ్ళు నెల్లిమర్ల గోనె మిల్లు మగ్గాల దగ్గర.
కుడి చెవిని అక్కడే వదిలేసి వచ్చాను.
ఈ సంగతి టోర్నమెంటు వాళ్ళకి చెప్పలేదు.
రిఫరీకి కావలసింది కళ్ళే కదా అని
తెల్ల తొడుగులు తొడుక్కున్నాను.

నా పని చిన్నది.
బంతి తుడవడం. తీసినచోటే పెట్టడం.
తొమ్మిదింటినీ ముగ్గు చుక్కల్లా పేర్చి
చెక్క చట్రం ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం.
ఒకటో నంబరు వెనక వెంట్రుక దూరే సందున్నా
దెబ్బ లోపలికి పోదు,
సంతలో తగువు చూసేవాళ్ళలా గుంపు అక్కడే ఉండిపోతుంది.
సందు కనబడితే మళ్ళీ పేరుస్తాను.
"ఇంకెంతసేపు తాతా" అంటారు.
అననీ.

ఎనిమిదీ ఎనిమిది. చివరి ఆట.
బ్రేకు హైమది.

బమ్మిడి హైమ, పలాస పాసింజరులో వచ్చింది.
వేళ్ళ కొసలు నల్లగా, జీడి నూనె తిన్న చర్మం.
అవతల శశాంక్, విశాఖ కుర్రాడు.
కర్రకి తోలుపెట్టె, పెట్టెకి వెండి బొత్తాలు.
భుజం, నడుం, మడమ అన్నీ ఒకేసారి విసిరి కొడతాడు.
ఒకసారి తెల్లబంతి బల్ల దాటి సోడాల పెట్టెలో పడింది.
ఫౌల్ అన్నాను. నవ్వాడు. మంచి పిల్లాడే.

హైమ అలా కొట్టదు.
జీడిగింజ కొట్టే చేతికి తెలుసు:
పెంకు చిట్లాలి, పప్పు చిట్లకూడదు.
ముప్పావు బలం, చివర్న మణికట్టులో చిన్న విదిలింపు.
తెల్లబంతి గుద్ది, బల్ల నడుమ
పని అయిపోయిన కూలీలా నిలబడిపోతుంది.
"గుంట గట్టిదిరా" అన్నాడు సోడాలబ్బాయి.
మా వైపు గుంటంటే ఆడపిల్ల.
బల్లకి ఆరు గుంటలు,
ఏడోది కర్రకి సుద్ద రాస్తోంది అనుకుని
లోపల నవ్వుకున్నాను. రిఫరీ పైకి నవ్వకూడదు.

కొట్టింది.

తొమ్మిదీ విడిపోయాయి. ఒక్కటీ పడలేదు.
పడకపోతే కనీసం నాలుగు బంతులు అంచుని తాకాలి,
లేకుంటే తెల్లబంతి అవతలివాడి చేతికి.
నీలం, ఎరుపు, నల్లది. చూశాను.
ఆకుపచ్చది నా నీడలోకి వచ్చి
అంచు దగ్గర ఆగింది. మధ్యలో కాగితమంత వెలుతురు.
తాకి వెనక్కొచ్చిందా? తాకకముందే ఆగిందా?
హాల్లో చప్పుడు లేదు.
నాకు సగం ఎప్పుడూ అంతే.

చూడలేదు. వినలేదు.
కానీ నా ఎడమ అరచెయ్యి బల్ల అంచు మీదుంది.
ఉండకూడదు, ఆట నడుస్తుంటే రిఫరీ బల్ల ముట్టరాదు.
చెవి పోయాక మిల్లులో నేర్చిన అలవాటు,
మగ్గం చెక్క మీద చెయ్యి వేస్తే
పోగు తెగిన సంగతి అరచేతికి తెలిసేది.
ఇప్పుడూ తెలిసింది. తొడుగులోంచి,
చీమ తల కొట్టుకున్నంత.

"నాలుగు" అన్నాను. "బ్రేకు చెల్లుతుంది."

"ఎలా తెలుసు సార్?" శశాంక్ అడిగాడు, మర్యాదగానే.
పసుపుది నల్లదాని వెనక దాక్కుని ఉంది, అతనికి దారి లేదు.
బంతి చేతికొచ్చి ఉంటే ఆట అతనిదే.

తొడుగు విప్పి చెయ్యి చూపించాను.
"ఇది బల్ల మీదుంది బాబూ. ఉండకూడదు.
నా కుడి చెవి వినబడదు. అదీ రాసుకోండి."

హాలు యజమాని ఏదో రాసుకున్నాడు.
శశాంక్ చాలాసేపు ఆ చేతినే చూశాడు.
తర్వాత వంగి, ఎదర అంచుకి కొట్టి తిప్పి
పసుపుదాన్ని అందుకోబోయి తప్పాడు.
మిగతాది హైమ చూసుకుంది.

వచ్చే ఏడు నన్ను పిలవరు.

మెట్లు దిగుతుంటే పక్కన నడుస్తూ
ఏదో అంది. నేను తలూపాను.
ఆగి నా మొహంలోకి చూసి,
ఎడమ పక్కకి వచ్చి మళ్ళీ చెప్పింది:
"నాకైతే తగల్నట్టే అవుపించింది తాతా."