ఆరో ప్రశ్న

పంతొమ్మిదేళ్లుగా మొదటి క్లాసులో
బోర్డు మీద ఒకే త్రిభుజం గీస్తున్నాను.
శాసనం, కార్యనిర్వాహకం, న్యాయం.
మూడు భుజాలూ సమానంగా ఎప్పుడూ రావు నాకు,
చెయ్యి కార్యనిర్వాహకం వైపే జారుతుంది.
వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు.
అది ఆ పూటకి సగం పాఠం.

లుసాకాలో అక్టోబరు ఎండ.
జకరండా పూలు రాలి
కిటికీ అవతలి తారు రోడ్డు ఊదారంగుకి తిరిగింది.
లోపల రెండువందల ఎనభై మంది, నూట డెబ్బై కుర్చీలు.
సమానత్వం గురించి చెప్పే రోజున
నిలబడ్డవాళ్ల వైపు చూడలేను.

ఒక్కోసారి నోట్సు మూసేసి
నాకు నిజంగా తోచిందేదో చెప్పబోతాను.
ముందు వరసలోంచి చెయ్యి లేస్తుంది:
"ఇది పరీక్షకి వస్తుందా మేడమ్?"
రాదంటాను.
పెన్నులన్నీ ఒక్కసారే బల్లల మీద పడతాయి.
ఆ చప్పుడంటే నాకిష్టం,
చెవులు తెరుచుకునేది అప్పుడే.

బోర్డు తుడిచే మొఫ్యా గారికి చదువు లేదంటారు.
మొన్న తడిగుడ్డ చేత్తో పట్టుకుని అడిగారు:
"అమ్మా, 'సమ్మతి' అనే మాట
పోయినేటి కన్నా చిన్నగా రాశారేం?"
నేను నీళ్లు నమిలాను.
చాక్‌పీసు అయిపోతోందన్నాను.
నిజమే, చాక్‌పీసు కూడా అయిపోతోంది.

డిపార్టుమెంటు మీటింగు మూడు గంటలు.
జిరాక్సు కాగితం గురించి రెండు గంటల యాభై నిమిషాలు,
రాని మూడు నెలల జీతం గురించి పది,
అందులో నాలుగు ప్రార్థనకి.
ప్రజాస్వామ్యం మీద రెండు పుస్తకాలు రాసిన సిమాటా
ఓటింగు వద్దన్నాడు, "మనమంతా ఒక కుటుంబం" అని.
మా ఇంట్లో మాత్రం
ఈ పూట కూరేమిటో తేలాలన్నా చేతులెత్తాల్సిందే.

ఆ శుక్రవారం పిల్లలు భోజన భత్యం కోసం రోడ్డెక్కారు.
గేటు దగ్గర ఒక డాలు వెనకనుంచి గొంతు:
"గుర్తింపు కార్డు."
నన్ను చూసి హెల్మెట్ అద్దం పైకెత్తాడు.
లిస్వానిసో. మూడో వరస, గోడ పక్క సీటు.
అధికారానికీ బలప్రయోగానికీ తేడా మీద రాసిన వ్యాసానికి
సి ప్లస్ ఇచ్చాను.
"మార్జిన్లో 'ఋజువేదీ?' అని రాశారు మేడమ్, ఎర్ర సిరాతో.
ఆ కాగితం ఇంకా ఉంచుకున్నాను."
లాఠీని చంకలో ఇరికించుకుని
కార్డుని రెండు చేతులతో తిరిగిచ్చాడు,
పెద్దవాళ్లకి అలాగే ఇవ్వాలని వాళ్లమ్మ నేర్పినట్టు.

వెనక్కి చూడకుండా నడిచాను.
లైబ్రరీ కప్పు మీంచి పావురాలు ముందు లేచాయి,
ఆ తర్వాత వినబడింది శబ్దం.

పరీక్ష ఆ మధ్యాహ్నమే.
రద్దు చేసే అధికారం ఎవరిదో తేలక
జరిగిపోయింది.

రాత్రి పదకొండు దాకా కరెంటు లేదన్నారు.
కొవ్వొత్తి దగ్గర నూట తొంభైమూడో పేపరు.
నమూకోలో అనే అమ్మాయిది,
అయిదు జవాబులూ గుండ్రటి అక్షరాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా.
ఆరో ప్రశ్న, నేను తయారు చేసిందే:
'ప్రభుత్వమునకు ఏలే హక్కు ఎక్కడి నుండి సంక్రమించును?
ఉదాహరణలతో చర్చింపుము.'
కింద పేజీ అంతా ఖాళీ. అడుగున ఒక్క వాక్యం,
అక్షరాలు ఇప్పుడు గుండ్రంగా లేవు:
'ఇక్కడిదాకా వచ్చేసరికి హాల్లోకి పొగ వచ్చింది మేడమ్.'

ఇరవై మార్కుల ప్రశ్న.
సున్నా వేస్తే నిబంధన నావైపు ఉంటుంది.
ఇరవై వేస్తే
ఏ జవాబుకి వేశారని అడుగుతారు,
అడగాల్సిన మాటే అది.

ఎర్ర పెన్ను అలవాటుగా మార్జిన్లోకి పోయింది.
'ఋ' దాకా రాసి ఆగాను.
కాగితం మొహానికి దగ్గరగా తెచ్చుకుని
వాసన చూశాను.

కళ్లు మండాయి.
కొవ్వొత్తి పొగ కూడా కావచ్చు.